ఫోను కూర్చున్న కుర్చీ

మొగలిలంకకి ప్రెసిడెంటు చిట్టెమ్మ. ఆ సంగతి ప్రభుత్వానికి తెలుసు, ఓట్లేసిన జనానికి తెలుసు, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆవిడ పేరు రాసిన పెయింటరుకి కూడా తెలుసు. తెలియనిది ఆవిడ మొగుడు త్రిమూర్తులుకి ఒక్కడికే.

త్రిమూర్తులు ఉండేది రాస్ అల్ ఖైమాలో. కొండల్ని పగలగొట్టి కంకర చేసే క్రషర్ కంపెనీలో సూపర్‌వైజరు. మొగలిలంక ఉండేది గోదావరి మధ్యలో, నాలుగు వైపులా నీళ్ళతో. పంటు ఎక్కి నది దాటితే గానీ బస్సు మొహం కనబడని ఊరు. అంత దూరాన కూర్చుని కూడా ఆ ఊరిని ఏలేది తనేనని ఆయన నమ్మకం. లంకలో వీధి దీపం మార్చాలన్నా, చేతి పంపు బాగు చెయ్యాలన్నా, బడి వెనక తుప్పలు కొట్టించాలన్నా ముందు ఆయనకి ఫోను రావాలి. ఆయన క్రషర్ చప్పుడుకి దూరంగా వెళ్ళి, మొహం మీది దుమ్ము తుడుచుకుని, గొంతు సవరించుకుని, "ఊఁ, కానివ్వండి" అనాలి. అప్పుడు గానీ పంచాయతీ సెక్రటరీ రత్నాకర్ కుర్చీలోంచి లేచేవాడు కాదు.

రెండు వేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మొగలిలంక సీటు బీసీ మహిళకి రిజర్వు అయిందని తెలిసిన రోజు త్రిమూర్తులు కంపెనీ పనివాళ్ళుండే క్యాంపులో లడ్డూలు పంచాడు. సీటు ఆడవాళ్ళకి వచ్చిందంటే వాళ్ళ మొగుళ్ళకి వచ్చినట్టేనని ఆయన లెక్క. ఆ లెక్క వేసినవాడు దేశంలో ఆయనొక్కడే కాదు కాబట్టి అందుకు ఆయన్నొక్కణ్ణే తిట్టి లాభం లేదు. మిగతా వాటికి తిట్టవచ్చు.

చిట్టెమ్మకి రేవు దగ్గర చిన్న టిఫిన్ హోటలు ఉంది. హోటలంటే తాటాకు పాక, పెనం, పొడుగాటి బల్ల. పంటు కోసం కాచుకునే ప్రతి మనిషీ ఆ బల్ల మీద కూర్చోవలసిందే. లంకలో ఎవరింట్లో ఏ బాధ ఉందో పెసరట్టు కాలేలోపు ఆవిడకి తెలిసిపోయేది. కరోనా రోజుల్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళని బడిలో పెట్టి తాళం వేసినప్పుడు సొంత బంధువులే ఆ వీధిలోకి వెళ్ళడం మానేశారు. కిటికీ ఊచల్లోంచి అన్నం పొట్లాలు అందించింది చిట్టెమ్మే. ఆ అన్నం తిన్నవాళ్ళూ, వాళ్ళ అమ్మలూ, అప్పచెల్లెళ్ళూ వరసగా వెళ్ళి కత్తెర గుర్తు మీద ముద్ర గుద్ది వచ్చారు. చిట్టెమ్మ గెలిచింది.

ఈ గెలుపుకి త్రిమూర్తులు చెప్పుకున్న కారణం వేరు. ప్రచారంలో ఆయన రాస్ అల్ ఖైమా నుంచి మాట్లాడితే, ఆ మాటని రిక్షాకి కట్టిన మైకులో లంక అంతా వినిపించారు. ఆ ఉపన్యాసం వినే జనం కరిగిపోయారని ఆయన క్యాంపులో చెప్పని మనిషి లేడు.

ఎన్నిక కాగానే ఆయన పెళ్ళానికి ఒక మాట నేర్పాడు. ఎవరేం అడిగినా తేల్చి చెప్పకూడదు, "మా ఆయన్ని అడిగి చెబుతాను" అనాలి. చిట్టెమ్మ ఆయ్ అంది. ఆ తర్వాత పంచాయతీలో ఒక పద్ధతి పడింది. మీటింగు జరిగినప్పుడల్లా ప్రెసిడెంటు కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసేవారు. ఆ కుర్చీ మీద రెండు స్టీలు గ్లాసులు, వాటికి ఆనించి ఒక ఫోను, ఆ ఫోనులో బోటిమ్ వీడియో కాల్‌లో త్రిమూర్తులు. పైన ఇస్త్రీ చొక్కా, కిందేమో లుంగీ. ప్రమాణ స్వీకారం రోజున చిట్టెమ్మ మెడలో దండ వేసి, ఫోనుకి కూడా ఒకటి వేశారు. బరువుకి ఫోను బోర్లా పడింది. సభ అంతా త్రిమూర్తులు కుర్చీ ప్లాస్టిక్కే చూశాడు గానీ, చప్పట్లు మాత్రం తనకే అనుకుని రెండు చేతులూ జోడించాడు.

క్యాంపులో ఆయన్ని అందరూ ప్రెసిడెంటు గారనేవారు. వెటకారంగానే అనేవారు. ఆయన మాత్రం నిజమే అనుకుని పలికేవాడు. ఆయన ఉండే గదిలో వంట ఉమ్మడిగా జరిగేది, వంతులు వేసుకుని వండుకునేవారు. ప్రెసిడెంటు అయ్యాక త్రిమూర్తులు గిన్నెలు తోమడం మానేశాడు. పై మంచం ఆశన్నది. జగిత్యాల పక్క పల్లెటూరు మనిషి, సగం జీవితం గల్ఫ్‌లోనే వెళ్ళిపోయింది. మొహమాటం లేనివాడు.

"ఏంది మూర్తీ, గిన్నెలు కడుగుడు గూడ నీ భార్యను అడిగి చెప్తవా?" అన్నాడొకసారి.

"నీకు రాజకీయం తెలవదు ఆశన్నా," అన్నాడు త్రిమూర్తులు.

"తెల్వదు. గిన్నెలు కడుగుడు తెల్సు," అన్నాడు ఆశన్న.

రెండేళ్ళు తిరక్కుండా ఇరవై రెండు జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. లంక మెడదాకా మునిగింది. నీళ్ళు తీశాక చూస్తే దిగువ లంకలో పొలాల మీదా, ఏటి ఒడ్డునా ఇసుక మేట వేసి ఉంది. మొగలిలంకలో ఎగువ, దిగువ అని రెండు పేటలు. ఎగువ కాస్త ఎత్తు, మన్ను గట్టి. త్రిమూర్తులు ఇల్లు అక్కడే. దిగువ పేటని గోదావరి ప్రతి ఏడూ కొంచెం కొంచెం కోసుకుపోతూనే ఉంది. అక్కడి జనానికి ఆ ఇసుక మేట ఒక పక్క నష్టం, ఇంకో పక్క రక్ష. పొలం పాడుచేసింది నిజమే, కానీ ఒడ్డుకి అడ్డంగా నిలబడి నది వాలుని కాస్త పక్కకి నెట్టింది కూడా అదే.

గట్టు మీద ఊళ్ళో అంజిబాబు అని ఇసుక కాంట్రాక్టరు ఉన్నాడు. మేట కబురు విని సెప్టెంబరు మొదట్లోనే ఆయన త్రిమూర్తులుకి ఫోను చేశాడు. చిట్టెమ్మకి చెయ్యలేదు. ఎవరికి చెయ్యాలో ఆయనకి తెలుసు. పొలాలు బాగుచేసే పేరుతో ఇసుక తీస్తానన్నాడు. అందుకు గ్రామసభ తీర్మానం కావాలి. తీర్మానం అయిన మర్నాడే ఇసుక తవ్వి లారీలకెత్తే ర్యాంపు మొదలవుతుంది, ర్యాంపుకి మేనేజరు త్రిమూర్తులే, గట్టు మీద ఆఫీసు, ఆఫీసులో తిరిగే కుర్చీ, తిరగడానికి బుల్లెట్టు బండి.

"ఎన్నాళ్ళండి ప్రెసిడెంటు గారూ ఆ దుమ్ములో. వచ్చేయండి. ఊరేలేవోరు ఊళ్ళో ఉండాలి గానీ," అన్నాడు అంజిబాబు.

ఊళ్ళో ఉండాలన్న మాట త్రిమూర్తులుకి నేరుగా గుండెలో దిగింది. అందులో ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. ఒంట్లో సత్తువ ఉన్న ఏళ్ళన్నీ ఆ కొండల కింద పోయాయి. పెళ్ళాం చేతి కూర వేడిగా తిన్నది సెలవుల్లోనే. ఇంటికి పోవాలని ఎవరికుండదు? తప్పు ఎక్కడంటే, ఆయన తీర్మానం అయ్యేదాకా కూడా ఆగలేదు. మర్నాడే ముదీర్, అంటే కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళి రాజీనామా ఇచ్చేశాడు. ముదీర్ తల ఎత్తి "ఖలాస్?" అన్నాడు. "ఖలాస్," అన్నాడు త్రిమూర్తులు. వీసా రద్దుకి కాగితాలు వెళ్ళిపోయాయి. అక్టోబరులో ప్రయాణం.

రాజీనామా సంగతి చిట్టెమ్మకి చెప్పలేదు. ఆడదానికి ముందే చెబితే పెసరట్టుతో పాటు ఊరందరికీ వడ్డించేస్తుందని ఆయన భయం. పైగా, మేనేజరు ఉద్యోగంతో దిగి ఒక్కసారి ఆశ్చర్యపరచాలని కూడా ఉంది. తీర్మానం గురించి అనుమానం మాత్రం లేదు. పెళ్ళాం సంతకం తన సంతకమే కదా.

త్రిమూర్తులు ఉండే గదిలోనే అయ్యప్ప ఉంటాడు. లోడర్ నడుపుతాడు, దిగువ లంక కుర్రాడు. చిట్టెమ్మ పుట్టింది కూడా దిగువలోనే కాబట్టి ఆవిడ్ని అక్క అంటాడు, త్రిమూర్తుల్ని బావ అంటాడు. వాళ్ళమ్మ ఒక్కతే దిగువ పేట చివరింట్లో ఉంటుంది. ఆ ఇంటి పెరటి కంచె కిందటేడు వరదకి ఏట్లో పోయింది. ర్యాంపు కబురు వాళ్ళమ్మ ఫోనులో చెప్పగానే అయ్యప్ప కూర గరిట అక్కడే పెట్టేసి వచ్చాడు.

"బావా, ఆ మేటే మా ఇళ్ళకి అడ్డం. అది తీసేత్తే వచ్చే వరదకి మా పేటుండదు."

"పొలాలు బాగుచేత్తానంటన్నాడ్రా అంజిబాబు."

"పొలంలో ఇసక మేం ఎత్తుకుంటాం, తట్టలుచ్చుకుని. దానికి పొక్లెయినెందుకు బావా? పొక్లెయిను దిగాక పొలం దగ్గర ఆగుద్దా? ఏటి గర్భం దాకా తవ్వుద్ది."

"తవ్వడం గురించి నాకు చెప్తన్నావా నువ్వు? ఇక్కడ కొండలకి కొండలు తీయిత్తన్నాను నేను. ఏమైంది? ఏమన్నా కూలిపోయిందా?"

పై మంచం మీంచి ఆశన్న కిందికి వంగాడు. "గీ గుట్ట మీద ఎవ్వల ఇల్లు లేదు మూర్తీ. గందుకే ఏం కూలలే."

"నువ్వు పడుకో ఆశన్నా."

అయ్యప్ప ఇంకేం అడగలేదు. మర్నాటి నుంచి వంటగదిలో అయ్యప్ప పొయ్యి వేరయింది. క్యాంపులో అది చిన్న విషయం కాదు. చొక్కాలు పట్టుకుని కొట్టుకున్నవాళ్ళు కూడా సాయంత్రానికి ఒక కుండలో అన్నమే తింటారు, మాటలు లేకపోయినా తింటారు. పొయ్యి వేరు పెట్టాడంటే ఆ మనిషితో తనకి ఇక ఊరూ లేదు, వరసా లేదు అని చెప్పినట్టు. ఆశన్న తన పప్పు గిన్నె తీసుకెళ్ళి అయ్యప్ప పొయ్యి మీద పెట్టాడు. ఇంకో ఇద్దరు కూడా అటే వెళ్ళారు. త్రిమూర్తులు ఒక్కడూ పెద్ద కుక్కరులో గుప్పెడు బియ్యం వేసుకుని, అధికారంలో ఉన్నవాళ్ళకి ఇవన్నీ మామూలే అనుకున్నాడు. నిజానికి ఒళ్ళు మండిపోయింది. నిన్నటిదాకా బావా బావా అని వెనకాల తిరిగిన కుర్రాడు ఇవాళ ఎదురుపడితే గోడ చూస్తున్నాడు. ఊరికి వెళ్ళాక వీడి సంగతి చూడాలని గట్టిగా అనుకున్నాడు.

తీర్మానం పెట్టే గ్రామసభ గాంధీ జయంతి నాడు. దానికి ముందురోజు చిట్టెమ్మ ఫోను చేసింది.

"ఏవండీ, దిగువోళ్ళందరూ వచ్చారండి. ర్యాంపు వద్దంటన్నారు."

"నువ్వేమన్నావు?"

"మా ఆయన్ని అడిగి చెబుతానన్నానండి."

"అద్గదీ. రేపు సభలో నేను చెబుతాను. నువ్వు సంతకం పెట్టు, చాలు."

 "మా పుట్టిల్లెక్కడుండేదో మీకు గుర్తుందాండి?" అంది చిట్టెమ్మ.

"గుర్తుంది. దిగువలోనే కదా."

"ఇప్పుడక్కడ పడవలెల్తన్నాయండి. పెళ్ళప్పుడు మీరు కూర్చున్న అరుగు కూడా ఏట్లోనే ఉంది."

"ఇప్పుడా గోలెందుకు? మైకు సెట్టు బాగుందో లేదో చూసుకో. పోయినసారి నా గొంతు బొంగురుగా వచ్చింది."

"ఆయ్," అంది చిట్టెమ్మ.

ఏళ్ళ తరబడి ఆ ఆయ్ వినీ వినీ, దానికి ఒకటే అర్థం ఉందని ఆయన అనుకునేవాడు.

ఆ ఏడు గాంధీ జయంతి ఆదివారం వచ్చింది. క్యాంపుకి సెలవు. త్రిమూర్తులు తెల్ల చొక్కా వేసుకుని, గోడకి జేరబడి, ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి కూర్చున్నాడు. గదిలో అందరూ ఉన్నారు. అయ్యప్ప తన మంచం మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నాడు. బయటికి పొమ్మందామనుకున్నాడు త్రిమూర్తులు. తర్వాత, విననీ అనుకున్నాడు. తన మాట ఎలా నెగ్గుతుందో వాడూ చూడాలి.

అక్కడ పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. ఫోనులోంచి త్రిమూర్తులుకి కనిపించేది తక్కువ. రత్నాకర్ చొక్కా జేబు, జేబులో పెన్ను, పైన టెంటు గుడ్డ, ఒక మూల చిట్టెమ్మ భుజం. జనం కనబడరు. కనబడకపోయినా వాళ్ళు తనకేసే చూస్తున్నారని ఆయన ధీమా. ఫోనుకి మైకు కలిపారు కాబట్టి ఆయన దగ్గినా లంక అంతా వినబడుతుంది.

రత్నాకర్ తీర్మానం చదివాడు. వరద వల్ల పొలాల్లో మేట వేసిన ఇసుకని తొలగించడానికి గ్రామసభకి అభ్యంతరం లేదు అని దాని సారాంశం. ఎగువ వాళ్ళు ఇద్దరు ముగ్గురు మంచిదే అన్నారు. దిగువ నుంచి ఎవరో అరిచారు, ఇంకెవరో తిరిగి అరిచారు, కుర్చీలు జరిగిన చప్పుడు వినబడింది. అప్పుడు చిట్టెమ్మ మైకు తీసుకుంది.

"ఆగండి. మా ఆయన్ని అడుగుతాను," అంది.

టెంటులో నవ్వులు వినబడ్డాయి. త్రిమూర్తులు కూడా నవ్వాడు. ఆ నవ్వులు ఎందుకో ఆయన ఆలోచించలేదు.

"ఏవండీ, వినబడతందాండి?"

"చెప్పు."

"ఇసక తీయించమంటారా?"

"తీయించాలి. ఊరు బాగుపడాలంటే తీయించాలి."

"పొక్లెయిను దిగితే దిగువ పేట ఇళ్ళు జారిపోతాయంటన్నారండి. వాళ్ళకేం చెప్పమంటారు?"

ఇక్కడ తెలివున్నవాడెవడైనా నీళ్ళు నములుతాడు. కమిటీ వేద్దాం అంటాడు, ఇంజనీరుని పిలుద్దాం అంటాడు. త్రిమూర్తులు అలాంటివాడు కాదు. మైకులో తన గొంతు ఖంగుమని మోగుతుంటే ఆయనకి ఒళ్ళు తెలియలేదు. పరిపాలన అంటే ఏమిటో ఆ లంక జనానికి ఇవాళ చెప్పాలనిపించింది.

"చూడు చిట్టెమ్మా. మన పెద్దలు మొహమాటానికి చెప్పలేదు, నేను చెబుతున్నాను. ఆ ఇళ్ళు ఎటూ పోయేవే. ఇవాళ కాకపోతే రేపు గోదారి పట్టుకుపోద్ది. పోయే ఇళ్ళ కోసం ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. నలుగురు నష్టపోతే నలభై మంది బాగుపడతారు. ప్రభుత్వం నడపడం అంటే అదే."

అవతల నిశ్శబ్దం. ఒక్క పిల్ల ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. త్రిమూర్తులు ఆ నిశ్శబ్దాన్ని గౌరవం అనుకున్నాడు. తల తిప్పి అయ్యప్ప వైపు చూశాడు. అయ్యప్ప ఆయన్నే చూస్తున్నాడు, చాలా రోజుల తర్వాత మొదటిసారి. ఆశన్న మంచం దిగి వచ్చి ఫోను పక్కన నిలబడ్డాడు.

మైకులో చిట్టెమ్మ గొంతు వచ్చింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"మా ఆయన్ని అడిగి చెబుతానన్నాను కదండి. అడిగాను. ఆయన మాట మీరందరూ విన్నారు. ఇప్పుడు మీ మాట చెప్పండి. ర్యాంపు కావాలన్నోళ్ళు చేతులెత్తండి."

"ఏంటది? చిట్టెమ్మా, సంతకం పెట్టు," అన్నాడు త్రిమూర్తులు. ఆ మాట కూడా మైకులో మోగింది. ఎవరో పకపకా నవ్వారు. ఈసారి ఆయన నవ్వలేదు.

రత్నాకర్ లెక్కపెట్టడం వినబడింది. తొందరగానే అయిపోయింది. ఎగువ పేట వాళ్ళు కూడా చేతులు కిందే పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. ఇవాళ దిగువ ఇళ్ళని ఎటూ పోయేవే అన్నవాడు రేపు తమ ఇళ్ళని ఏమంటాడో అని వాళ్ళకీ అనుమానం వచ్చింది.

"వద్దన్నోళ్ళు," అంది చిట్టెమ్మ.

టెంటు గుడ్డ కింద గాలి కదిలినట్టు పెద్ద చప్పుడు. చీరలు, గాజులు, చొక్కాలు. త్రిమూర్తులు ఫోనుని డబ్బా మీంచి తీసి మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, అలా పెట్టుకుంటే జనం కనబడతారన్నట్టు. రత్నాకర్ జేబే కనబడింది.

"రత్నాకర్, ఆపు. ఇది చెల్లదు. నేను ఒప్పుకోను. ఆ కుర్చీలో దాన్ని కూర్చోబెట్టింది నేను. అంజిబాబు గారెక్కడ, ఆయన్ని మాట్లాడమను."

"అయ్యగారూ, కొంచెం నిదానించండి," అన్నాడు రత్నాకర్. పాపం ఆయనకి చెమటలు పడుతున్నట్టుంది.

చిట్టెమ్మ ఇటు తిరిగింది. మొదటిసారి ఆవిడ మొహం తిన్నగా ఫోనులోకి వచ్చింది. ఆయన్ని చూసింది. తర్వాత సెక్రటరీతో అంది.

"రత్నాకర్ గారూ, అయ్యప్ప వాళ్ళమ్మ ఇందాకట్నించి నిలబడే ఉంది. ఆ కుర్చీ ఖాళీ చేసి ఆవిడకి వెయ్యండి."

స్టీలు గ్లాసులు దొర్లిన చప్పుడు వచ్చింది. ఫోను గాల్లోకి లేచి, టెంటు, ఆకాశం, ఎవరివో తలలు గిర్రున తిరిగి, ఒక్కసారి చీకటైపోయింది. రత్నాకర్ దాన్ని జేబులో వేసుకున్నాడు. కంగారులో కాల్ కట్ చెయ్యడం మరిచిపోయాడు. మొగలిలంకలో ఇసుక ర్యాంపు వద్దని తీర్మానం జరిగిన సంగతి త్రిమూర్తులు సెక్రటరీ జేబులోంచి విన్నాడు.

గదిలో ముందు అయ్యప్పే లేచాడు. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమోనని త్రిమూర్తులు వెనక్కి జరిగాడు.

"మా ఇల్లెటూ పోయేదేనన్నావు బావా. మా అమ్మ ఇనేలాగ, మైకులో అన్నావు."

"అది రాజకీయంరా. నీకు తెలవదు."

"నువ్వు ఊరెల్లాక రేవుకెల్లాలంటే మా గుమ్మం ముందునించే దారి. మా అమ్మ అక్కడే కూర్చునుంటది. ఆ ఇల్లింకా పోలేదు. చూసుకుంటా ఎల్లు."

ఇంతకంటే గట్టిగా తిట్టి ఉంటే త్రిమూర్తులు తట్టుకునేవాడు. తిరిగి తిట్టేవాడు. ఏమీ తోచక ఆశన్న వైపు చూశాడు. అన్ని తగాదాల్లోనూ పెద్దమనిషి తరహాగా ఏదో ఒకటి అనే ఆశన్న, ఆ రోజు ఒకటే మాటన్నాడు.

"ఇస్తిఫా వాపస్ తీస్కోపో మూర్తీ, ఇంకా టైముంటె."

త్రిమూర్తులు తెల్ల చొక్కాతోనే ముదీర్ గదికి పరిగెత్తాడు. సెలవు రోజు కదిపినందుకు ముదీర్ విసుక్కున్నాడు. వీసా రద్దు అయిపోయిందనీ, ఆయన చోట్లో కొత్తవాడు ఇప్పటికే బయల్దేరాడనీ హిందీలో రెండు ముక్కల్లో చెప్పాడు. త్రిమూర్తులు ఏదో అనబోతే, "ఖలాస్, యల్లా," అని తలుపు వేసుకున్నాడు. అంజిబాబుకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి మోగను కూడా లేదు. ప్రెసిడెంటు గారూ ప్రెసిడెంటు గారూ అని నెల రోజులు చెవిలో ఊదినవాడు గంట తిరక్కుండా ఆయన నంబరు బ్లాకు చేసేశాడు.

ఆయన క్యాంపు వెనక, లారీలు నిలిపే ఖాళీ స్థలంలోకి వెళ్ళి చిట్టెమ్మకి ఫోను చేశాడు.  

"భోంచేశారాండి?" అంది ఆవిడ, రోజూ అడిగినట్టే.

"నోరు ముయ్యి. ఊరందరి ముందు నా పరువు తీశావు. ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. నా మాట కాదనడానికి నువ్వెవరివి?"

"ఓట్లేసినోళ్ళు కూర్చోబెట్టారండి."

"నేను కాదా?"

"మీరు నాకు ఓటెయ్యలేదు కదండి. ఇక్కడ లేరు కదా."

ఆ మాటలో వెటకారం లేదు. ఉన్న సంగతి చెప్పింది. త్రిమూర్తులుకి తన ఉపన్యాసం, రిక్షా మైకు, లడ్డూలు, అన్నీ గుర్తొచ్చాయి గానీ వాటిలో ఒక్కటీ ఓటు కాదు. ఇక దాచుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

"నేనిక్కడ ఉద్యోగానికి రాజీనామా పెట్టేశాను," అన్నాడు.

 లైను పోయిందేమోనని చూసుకున్నాడు. పోలేదు.

"ఎప్పుడండి?" అంది చిట్టెమ్మ. ఆవిడ గొంతు మారింది.

"పోయిన్నెల. వీసా కూడా అయిపోయింది. ర్యాంపు మేనేజరుగా నన్నే పెడతానన్నాడు అంజిబాబు. ఇంటికొచ్చేద్దావనుకున్నాను."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేంటండి?"

ఎందుకు చెప్పలేదో ఆయనకి తెలుసు. ఆ కారణాలన్నీ అప్పుడు చాలా తెలివైనవిగా కనబడ్డాయి. ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని విధంగా, నెమ్మదిగా అడిగాడు.

"చెప్పుంటే ఆ తీర్మానం చేసేదానివా?"

చిట్టెమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. అబద్ధం చెప్పడానికి కూడా ఆ కాస్త సమయం సరిపోయేది. త్రిమూర్తులు ఆ అబద్ధం కోసమే చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"లేదండి. చెప్పినా ఇదే చేసేదాన్ని. కాకపోతే ఏడ్చుకుంటా చేసేదాన్ని," అంది.

త్రిమూర్తులుకి తిట్టాలో, బతిమాలాలో తేలలేదు. ప్రతిసారీ ముందుగా ఫోను పెట్టేసేది ఆయనే. ఆ రోజు చిట్టెమ్మ, జనం ఇంకా ఉన్నారు, మళ్ళీ చేస్తానండి అని చెప్పి పెట్టేసింది.